పొలమూ ప్రార్థనా: ఇంగ్లండు, ఐర్లండు భూస్వాముల ఇళ్ల వెంట ఏడు రోజులు

మా నాన్నగారు విజయనగరం జిల్లాలో రెవెన్యూ శాఖలో 30 ఏళ్లకు పైగా పనిచేశారు. కిందటి వేసవిలో బర్మింగ్‌హామ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్దామని అడిగితే, ఈ దేశపు జమీందార్ల ఇళ్లు చూపించమన్నారు. "1802లో మన దగ్గర జమీందార్ల శిస్తు శాశ్వతంగా ఖాయం చేసి పర్మినెంటు సెటిల్‌మెంటు పెట్టినవాళ్ల సొంత ఊళ్లలో భూమి ఎవరి చేతిలో ఉండేదో చూద్దామమ్మా" అన్నారు. వారం రోజులు సెలవు పెట్టి, ఇంగ్లండులో రెండు ఇళ్లు, ఐర్లండులో ఐదు చోట్లు ఎంచుకుని కారులో బయలుదేరాం.

వెళ్లేముందు ఒక మాట చెప్పాలి. ఇంగ్లండులో ప్రభువులు వేరు, జెంట్రీ వేరు. ప్రభువులు బిరుదు వల్ల ప్రభువుల సభలో కూర్చునేవారు. వారికి ఒక మెట్టు కింద ఉండి, తరతరాలుగా పొలాల మీద వచ్చే కౌలుతో బతుకుతూ, జిల్లాలో మేజిస్ట్రేటు పనిచేస్తూ, కామన్స్ సభకు ఎన్నికయ్యే కుటుంబాలను జెంట్రీ అంటారు. రాజు చేసిన చట్టం ఊళ్లో అమలు కావాలంటే ఈ కుటుంబాలే దిక్కు, ఎందుకంటే జీతం తీసుకునే అధికారులు అప్పట్లో దాదాపు లేరు. రాజు మతం మార్చినప్పుడు ఈ కుటుంబాలు ఏం చేశాయన్నది అందుకే అంత పెద్ద ప్రశ్న అయింది.

మొదటి రోజు: కోటన్ కోర్ట్

వారిక్‌షైర్‌లోని ఆల్‌స్టర్ ఊరికి దగ్గరగా, చదునైన పచ్చిక మధ్య ఈ ఇల్లు ఉంది. ఎదురుగా ఎత్తైన రాతి ద్వారగోపురం, దాని వెనుక కర్ర దూలాలు బయటికి కనిపించే పాత రెక్కలు. త్రాక్‌మార్టన్ కుటుంబం 1409 నుంచి ఇక్కడే ఉంది. ఎనిమిదో హెన్రీ రాజు తన మొదటి భార్యను వదిలి, క్యాథలిక్కుల పెద్ద అయిన రోమ్‌లోని పోపుతో తెగతెంపులు చేసుకున్నప్పుడు, పార్లమెంటులో ఆ విడాకులను వ్యతిరేకించినవారిలో ఈ ఇంటి యజమాని సర్ జార్జ్ త్రాక్‌మార్టన్ ఒకరు. ఆ తరువాత 1536 నుంచి 1540 వరకు మఠాలన్నీ మూతపడి, వాటి భూములు రాజు చేతికి వచ్చి, అక్కడి నుంచి ఎక్కువగా జెంట్రీ కుటుంబాలకే అమ్ముడుపోయాయి. ఇంగ్లండు మళ్లీ రోమ్ వైపు తిరగకపోవడానికి ఈ అమ్మకం ఒక గట్టి కారణమని నా అభిప్రాయం. 1550లలో క్యాథలిక్ రాణి మేరీ పాత మతాన్ని తిరిగి తెచ్చినా, మఠాల భూములను మాత్రం కొన్నవాళ్ల దగ్గరే ఉండనివ్వవలసి వచ్చింది.

సర్ జార్జ్ అత్త ఎలిజబెత్ ఒక కన్యామఠానికి చివరి పెద్దమ్మగారు. మఠం మూసేశాక ఆమె మరికొందరు సన్యాసినులతో ఈ ఇంటికే వచ్చేశారు. బీదలకు అన్నం పెట్టడానికి మఠంలో వాడిన చెక్క తలుపును వెంట తెచ్చుకున్నారు. దానిలో రొట్టె అందించడానికి చిన్న కిటికీ ఉంది. నాన్నగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. మఠం ఆస్తి అంతా పోయినా, అన్నం పెట్టే తలుపును మోసుకొచ్చిన ఆ మనిషి మీద నాకు ఎనలేని గౌరవం కలిగింది.

ఎలిజబెత్ రాణి కాలం వచ్చేసరికి పాత మతంలో మిగిలిన కుటుంబాలకు లెక్క కట్టి శిక్ష వేయడం మొదలైంది. 1559 చట్టం ప్రకారం ఆదివారం గుడికి రానివారికి 12 పెన్నీల జరిమానా. 1581లో దాన్ని నెలకు 20 పౌండ్లకు పెంచారు. 28 రోజులను ఒక నెలగా లెక్కగట్టేవారు గనుక, ఏడాదికి 13 నెలలై జరిమానా 260 పౌండ్లకు చేరేది. కట్టలేకపోతే ఎస్టేటులో మూడింట రెండు వంతులు రాజ్యం జప్తు చేసుకోవచ్చునని కొద్ది ఏళ్లకే మరో చట్టం వచ్చింది. "అంటే ప్రార్థన మీద శిస్తు వేశారన్నమాట" అన్నారు నాన్నగారు.

1605 నవంబరులో పార్లమెంటును మందుగుండుతో పేల్చాలన్న కుట్ర బయటపడినప్పుడు, కుట్రదారుల్లో ఒకరైన ఎవరార్డ్ డిగ్బీ ఈ ఇంటిని అద్దెకు తీసుకుని ఉన్నారు. ఆయన భార్య, జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఇద్దరు గురువులు ఇక్కడే వార్త కోసం ఎదురుచూస్తుండగా, పథకం విఫలమైందన్న ఉత్తరం పట్టుకుని ఒక సేవకుడు గుర్రం మీద వచ్చాడు. ముఖ్య కుట్రదారు రాబర్ట్ కేట్స్‌బీ తల్లి ఈ ఇంటి ఆడబడుచే. అయినా వంశం నిలబడింది. 1829లో క్యాథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచాక, 1831లో ఈ కుటుంబం నుంచే ఒకరు మళ్లీ సభ్యుడిగా ఎన్నికయ్యారు.

రెండో రోజు: హార్వింగ్టన్ హాల్

కిడర్‌మిన్‌స్టర్ పక్కన, చుట్టూ నీటి కందకం ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లు ఇది. 1580లలో హంఫ్రీ పాకింగ్టన్ అనే క్యాథలిక్ భూస్వామి కట్టించాడు. విదేశాల్లో అభిషేకం పొందిన క్యాథలిక్ గురువు ఇంగ్లండులో అడుగుపెడితే రాజద్రోహమనీ, అతనికి ఆశ్రయం ఇచ్చినవారికి మరణశిక్ష తప్పదనీ 1585లో చట్టం వచ్చింది. ఆ చట్టం నడుస్తున్న కాలంలో గురువులను దాచడానికి ఈ ఇంట్లో ఏడు దాపు గదులు కట్టారు.

గైడుగా ఉన్న పెద్దావిడ మమ్మల్ని మెట్ల పైభాగానికి తీసుకెళ్లి, వంగి, రెండు మెట్లను డబ్బా మూతలా పైకి ఎత్తారు. కింద చీకటి గొయ్యి, పాత కర్ర వాసన. మెట్ల అంచు ఎక్కడ కలుస్తుందో వేలితో తడిమి చూశాను. చెప్పకపోతే ఆ అతుకు దొరకదు. గ్రంథాలయం గదిలో గోడలోని ఒక నిలువు దూలం, పై భాగాన్ని నొక్కితే కింది భాగం ముందుకు తిరిగి, మనిషి ఒరిగి దూరేంత సందు ఇస్తుంది. దానివెనుక ఒక మనిషి కూర్చోగలడు, నిటారుగా నిలబడలేడు. ఆ దూలం రహస్యం 19వ శతాబ్దం చివరలో పిల్లలు ఆడుకుంటుండగా బయటపడింది. అంటే దాదాపు 300 ఏళ్లు ఎవరికీ తెలియలేదు.

ఈ గదులలో కొన్నింటిని కట్టింది నికొలస్ ఓవెన్ అని నమ్ముతారు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన వడ్రంగి, పొట్టివాడు, కుంటివాడు. పగలు అందరికీ కనపడేలా మామూలు పని చేస్తూ, రాత్రిళ్లు ఒంటరిగా రాయి తొలిచేవాడు. ప్రతి గదికీ వేరే ఉపాయం వాడేవాడు, ఒకటి దొరికినా మిగతావి దొరక్కూడదని. 1606లో ఇదే జిల్లాలోని మరో ఇంట్లో పట్టుబడి, లండన్ టవర్‌లో చిత్రహింసల పాలై చనిపోయాడు. ఒక్క రహస్యమూ చెప్పలేదు. భూస్వాముల చరిత్ర చూడటానికి వచ్చిన నాకు ఆ ఇంట్లో అందరికన్నా పెద్దగా కనిపించిన మనిషి ఆ వడ్రంగే.

పై అంతస్తులో పూజ జరిపిన చిన్న గది ఉంది. క్రీస్తు శరీరం నుంచి కారిన రక్తానికీ నీటికీ గుర్తుగా గోడ నిండా ఎర్రని, తెల్లని చుక్కలు వరుసలుగా దిద్దారు. పెళ్లి సంబంధం ద్వారా 1696లో ఈ ఇల్లు త్రాక్‌మార్టన్‌ల చేతికి వెళ్లింది. ఇక్కడి అసలు మెట్లవరుసను 20వ శతాబ్దం మొదట్లో విప్పి కోటన్ కోర్ట్‌కు తీసుకెళ్లి అక్కడ అమర్చారు. నిన్న మేము తెలియకుండా ఎక్కిన మెట్లు అవే.

మూడో రోజు: సముద్రం దాటి డబ్లిన్

హోలీహెడ్ రేవులో తెల్లవారుజామున కారును ఓడలోకి ఎక్కించి, మూడు గంటల పైచిలుకు ప్రయాణం తరువాత డబ్లిన్‌లో దిగాం. దారిలో నాన్నగారికి ఐర్లండు లెక్క వేరని చెప్పాను. ఇంగ్లండులో పాత మతం పట్టుకుని ఉన్నవారు కొద్దిమంది భూస్వాములు. ఐర్లండులో జనంలో అత్యధికులు క్యాథలిక్కులు, వారి భూమి యుద్ధం తరువాత యుద్ధంలో, పోపును కాదన్న ప్రొటెస్టెంటు యజమానుల పాలైంది. 1641లో దేశంలోని భూమిలో సుమారు 59 శాతం క్యాథలిక్కుల చేతిలో ఉండేది. ఇంగ్లండు పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ దండయాత్ర తరువాత సైనికులకూ, దండయాత్రకు అప్పు ఇచ్చిన లండన్ వ్యాపారులకూ జీతం బదులుగా, బాకీ బదులుగా పొలాలు పంచారు. 1688 నాటికి ఆ వాటా 22 శాతానికి, 1703 నాటికి 14 శాతానికి పడిపోయింది.

మిగిలిన 14 శాతాన్ని కరిగించడానికి కత్తి అక్కర్లేకపోయింది. 1704 చట్టం ప్రకారం క్యాథలిక్ భూమి కొనరాదు, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోరాదు. అతను చనిపోతే భూమిని కొడుకులందరికీ సమంగా పంచాలి. పెద్ద కొడుకు ప్రొటెస్టెంటుగా మారితే మాత్రం మొత్తం అతనికే. ఇది విని నాన్నగారు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. అన్నదమ్ములకు సమభాగం మన దగ్గర న్యాయం. మా వైపు పెద్ద జమీలు మాత్రం చీలకుండా ఉండాలని పెద్ద కొడుక్కే దక్కే ఆచారం ఉండేది, 1904లో మద్రాసు ప్రభుత్వం దానికి చట్టం కూడా చేసింది. "పంపకం చేస్తే జమీ చస్తుందని వాళ్లకు తెలుసు. తెలిసే అక్కడ అలా, ఇక్కడ ఇలా పెట్టారు" అన్నారు.

సాయంత్రం కాలేజ్ గ్రీన్‌లో పాత పార్లమెంటు భవనం ముందు నడిచాం. ఇప్పుడది బ్యాంకు. ప్రొటెస్టెంటు భూస్వాములతో నిండిన ఆ సభ 1800లో తనను తాను రద్దు చేసుకుని లండన్ పార్లమెంటులో కలిసిపోయింది. నదికి అవతల, క్యాథలిక్కుల హక్కుల కోసం పోరాడిన డేనియల్ ఓకానెల్ విగ్రహం ఉంది. ఆయన స్వయంగా కెర్రీ ప్రాంతపు క్యాథలిక్ భూస్వామి. 1828లో క్లేర్ జిల్లా నుంచి పార్లమెంటుకు పోటీచేసినప్పుడు చిన్న కౌలుదారులు తమ యజమానుల మాట కాదని, అందరి ముందూ నోటితో చెప్పవలసిన ఓటును ఆయనకు వేశారు. రహస్య ఓటు 1872లో గానీ రాలేదు. ఆ ఎన్నిక జరిగిన మరుసటి ఏడాది, 1829లో, క్యాథలిక్కులకు పార్లమెంటు ప్రవేశం దక్కింది. అదే ఏడాది ఓటుహక్కుకు కావలసిన ఆస్తి విలువను 40 షిల్లింగుల నుంచి 10 పౌండ్లకు పెంచడంతో, ఆయనను గెలిపించినవారే ఓటు పోగొట్టుకున్నారు. 2 లక్షలకు పైగా ఉన్న ఓటర్లు 40 వేల లోపుకు తగ్గారు. ఆ కౌలుదారులకు ఒక విగ్రహం కూడా లేదన్న బాధ నాకు ఆ వీధిలో బలంగా కలిగింది.

మన వి.వి. గిరిగారు 1913 నుంచి 1916 దాకా ఈ నగరంలోనే న్యాయశాస్త్రం చదివారు. నాన్నగారికి అది ముందే తెలుసు. ఆయన నడిచిన వీధులు ఇవేనని చెబుతుంటే సంతోషంగా విన్నారు.

నాలుగో రోజు: క్యాసిల్‌టౌన్

డబ్లిన్‌కు పడమరగా సెల్‌బ్రిడ్జ్‌లో ఉన్న ఈ భవంతి గురించి ఎక్కువ రాయను, చూడటానికి అందంగా ఉంది కానీ మనసుకు అంటలేదు. సత్రం నడిపినవాడి కొడుకైన విలియం కొనోలీ, జప్తయిన ఎస్టేట్ల క్రయవిక్రయాలలో సంపాదించి, ఐరిష్ కామన్స్ సభ స్పీకరై, 1722లో దీన్ని మొదలుపెట్టాడు. ఆయన పోయాక, 1740లో భయంకరమైన చలితో పంటలు పోయి కరువు వచ్చినప్పుడు, భార్య క్యాథరిన్ ఊరివాళ్లకు కూలి దొరకాలని దగ్గరలో 140 అడుగుల ఎత్తు రాతి కమానుల కట్టడం కట్టించింది. దానివల్ల ఇంకే ఉపయోగమూ లేదు. కరువు పనికి చెరువో కాలువో తవ్వించడం ఎరిగిన మా నాన్నగారు ఆ రాళ్లను చూసి తల ఊపి ఊరుకున్నారు.

ఐదో రోజు: స్ట్రోక్స్‌టౌన్

రాస్‌కామన్ జిల్లాలోని ఈ ఊరు ఒక వెడల్పైన వీధి. వీధి చివర ఎస్టేటు సింహద్వారం. మాహన్ కుటుంబానికి క్రామ్‌వెల్ కాలపు భూపంపిణీ తరువాత ఇక్కడ ఎస్టేటు ఏర్పడింది. ఇంట్లోని వంటగది పైన చుట్టూ నడవా ఉంది. యజమానురాలు సోమవారం ఉదయం ఆ నడవాలో నిలబడి, వారానికి సరిపడా వంటల జాబితాను కిందికి జారవిడిచేదట, వంటవాళ్ల మధ్యకు దిగనవసరం లేకుండా. పనివాళ్లు తోటలోంచి కనపడకుండా వచ్చి వెళ్లడానికి భూమి కింద సొరంగం కూడా ఉంది. ఎవరు ఎవరికి కనిపించాలో ఈ ఇంటి కట్టుబడే నిర్ణయించింది.

ఎస్టేటు కొన్న స్థానికులు పాత కాగితాలు దొరకడంతో గుర్రపుశాలల్లో కరువు మ్యూజియం ఏర్పాటు చేశారు. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు వచ్చిన ఏడాదే మేజర్ డెనిస్ మాహన్ వారసుడిగా వచ్చాడు. అప్పటికే సుమారు 13,000 పౌండ్ల కౌలు బకాయి పేరుకుపోయింది. 1846 ఆగస్టులో క్లూనహీ గ్రామస్థులు, పిల్లలు ఆకలితో కళ్లెదుటే ఏడుస్తున్నారు, పని ఇప్పించండి అని రాసుకున్న అర్జీ అక్కడ ఉంది. నాన్నగారు మాత్రం కౌలు లెక్కల దగ్గర ఆగిపోయారు. కళ్లజోడు సవరించుకుని, అద్దం మీదికి వంగి, వరుస వెంట వేలు కదుపుతూ, "ఇది మన డి.సి.బి. రిజిస్టరేనమ్మా. రావలసింది, వచ్చింది, నిలవ. నిలవ గడిలో అంకె పెరుగుతూ పోతే ఆ ఊళ్లో ఏం జరుగుతోందో ఆఫీసులో కూర్చున్నవాడికి తెలిసిపోతుంది. తెలియలేదంటే నమ్మకూడదు" అన్నారు. ఆయన గొంతు కొంచెం వణికింది.

లెక్క ఇలా నడిచింది. 4 పౌండ్ల లోపు విలువగల కమతాల మీద బీదల పన్నును కౌలుదారు బదులు యజమానే కట్టాలని చట్టం. చిన్న కమతాలు ఎంత ఎక్కువుంటే యజమానికి అంత నష్టం. 1847లో వచ్చిన మరో చట్టంలో, పావు ఎకరానికి మించి భూమి చేతిలో ఉన్నవాడికి సర్కారు సాయం లేదన్న నిబంధన చేరింది. గంజి కావాలంటే పొలం వదులుకోవాలి. ఈ రెండూ కలిసి బేదఖళ్లకు బాట వేశాయి. మాహన్ ఏజెంటు, పేదలను వర్క్‌హౌస్‌లో, అంటే పని చేయించుకుని తిండి పెట్టే సర్కారు ఆశ్రయంలో, పోషించడం కంటే కెనడాకు పంపడమే చవక అని లెక్క తేల్చాడు. 1847 మే నెలలో 1,490 మంది కాలువ గట్టు వెంట డబ్లిన్ దాకా నడిచి, లివర్‌పూల్ చేరి ఓడలెక్కారు. వర్జీనియస్ అనే ఓడలో ఎక్కిన 476 మందిలో 158 మంది దారిలోనే చనిపోయారు.

ఆ ఏడాది నవంబరు 2న మాహన్‌ను బండిలో ఇంటికి తిరిగివస్తుండగా కాల్చి చంపారు. వెంటనే అది మతం మాటగా మారింది. ఊరి క్యాథలిక్ గురువు పూజ మధ్యలో మాహన్‌ను నిందించి హత్యకు ఉసిగొల్పాడని ప్రభువుల సభలో ఆరోపించారు. గురువు కాదన్నాడు. ఎల్ఫిన్ ప్రాంతపు క్యాథలిక్ బిషప్ సమాధానంగా ఆ ఎస్టేటులో ఇల్లు కోల్పోయిన కుటుంబాల పట్టికను ప్రకటించాడు, మొత్తం 3,006 మంది. నిందకు జవాబుగా పేర్ల జాబితా ఇచ్చిన ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

వారు నడిచిన 165 కిలోమీటర్ల దారిలో ఇప్పుడు అక్కడక్కడా కంచుతో పోతపోసిన పిల్లల బూట్ల జతలు పెట్టారు. మొదటి జత దగ్గర నా అరచేయి పక్కన పెట్టి చూశాను. బూటు నా అరచేతి కంటే చిన్నది.

ఆరో రోజు: లాక్ మాస్క్ ఒడ్డు

మేయో జిల్లాలో బాలిన్‌రోబ్ దగ్గర సరస్సు పక్కన ఒక ఇల్లు ఉంది. అందులో ఇతరులు నివసిస్తారు కనుక రోడ్డు మీదినుంచే చూశాం. 1880లో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటుగా కెప్టెన్ చార్ల్స్ బాయ్‌కాట్ ఇక్కడ ఉండేవాడు. పంట సరిగా లేదని రైతులు కౌలులో 25 శాతం తగ్గించమన్నారు. యజమాని 10 శాతానికి ఒప్పుకున్నాడు. బేదఖలు నోటీసులు రాగానే కూలీలు, ఇంటి పనివాళ్లు, చాకలి, టపా తెచ్చే కుర్రవాడు అందరూ మానేశారు. దుకాణంలో సరుకు అమ్మలేదు. ఉత్తరాది నుంచి 50 మంది ప్రొటెస్టెంటు ఆరెంజ్ సంఘం వాళ్లు వచ్చి దుంపలు తవ్విపెట్టారు. వారికి కాపలాగా సుమారు 1,000 మంది సైనికులు దిగారు. 500 పౌండ్ల పంటను కాపాడటానికి దాదాపు 10,000 పౌండ్లు ఖర్చయింది.

ఈ పనికి ఒక పేరు కావలసి వచ్చినప్పుడు, రైతులకు సులువుగా నోరు తిరగాలని, ఆ ఏజెంటు పేరునే పెట్టమని పక్కన నీల్ గ్రామపు గురువు ఫాదర్ జాన్ ఓమాలీ సూచించాడు. ఈ రోజు మన పత్రికల్లో రోజూ కనపడే బాయ్‌కాట్ అన్న మాట పుట్టింది ఈ నాలుగు పొలాల మధ్యనే. మన ఊళ్లలో వెలి వేయడమంటే బలవంతులు బలహీనుల నోటి కాడి కూడు తీసేయడం. ఇక్కడ అదే ఆయుధాన్ని కౌలుదారులు దొరగారి ఏజెంటు మీదికి తిప్పారు.

అయితే దీన్ని మతాల మధ్య పోరుగా చదివితే పొరబాటవుతుంది. భూమి పోరాటానికి నాంది పలికిన 1879 ఏప్రిల్ 20 నాటి ఐరిష్‌టౌన్ సభ, ఆ పోరాట నాయకుడు మైకేల్ డేవిట్ చెప్పిన ప్రకారం, ఒక క్యాథలిక్ గురువు అజమాయిషీలో ఉన్న ఎస్టేటులోని బకాయిల గొడవ మీద పుట్టింది. ఆ ఏడాదే ఏర్పడ్డ కౌలు రైతుల సంఘం ల్యాండ్ లీగ్‌కు అధ్యక్షుడు పార్నెల్ అయితే ప్రొటెస్టెంటు భూస్వామి. చివరికి 1903 చట్టంతో ప్రభుత్వమే డబ్బు ఇచ్చి ఎస్టేట్లు కొనిపించి, రైతుల నుంచి 68న్నర ఏళ్ల వాయిదాల్లో వసూలు చేసుకుంది. అమ్మిన యజమానులకు 12 శాతం బోనసు కూడా ముట్టింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందార్లకిచ్చిన పరిహారం ఫైళ్లు ఉద్యోగం తొలినాళ్లలో చూసిన నాన్నగారు, వాయిదాల కాలం విని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు.

ఏడో రోజు: మూర్ హాల్

లాక్ కారా ఒడ్డున, దట్టమైన చెట్ల మధ్య, పైకప్పు లేని మూడంతస్తుల ఇల్లు నిలబడి ఉంది. సున్నపురాతి వల్ల సరస్సు నీరు లేత పచ్చగా మెరుస్తుంది. స్పెయిన్‌లో ద్రాక్షసారా వ్యాపారంలో గడించిన జార్జ్ మూర్ అనే క్యాథలిక్ 1790లలో దీన్ని కట్టించాడు. క్యాథలిక్కులు భూమి కొనుక్కోవచ్చునని చట్టం సడలించి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. 1798లో ఫ్రెంచి సైన్యం మేయో తీరంలో దిగి తిరుగుబాటుదారులతో కలిసినప్పుడు, ఆయన కొడుకు జాన్‌ను కనాక్ట్ ప్రాంతపు గణతంత్రానికి అధ్యక్షుడిగా ప్రకటించారు. ఆ పదవి కొద్ది రోజులే సాగింది. మరుసటి ఏడాది అతను ఖైదులోనే చనిపోయాడు.

కరువు కాలపు యజమాని జార్జ్ హెన్రీ మూర్. 1846లో అతని గుర్రం కొరన్నా చెస్టర్ పందెంలో గెలిచింది. ఆ సొమ్ములో కొంత తన కౌలుదారుల తిండికి ఖర్చుపెట్టాడు, ఇరుగుపొరుగు భూస్వాములతో కలిసి ఓడలో ధాన్యం తెప్పించాడు. ఆయన ఎస్టేటులో కరువుకు ఒక్కరినీ బేదఖలు చేయలేదని ఈ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. స్ట్రోక్స్‌టౌన్ చూసి రెండు రోజులే అయింది కనుక, అదే కరువులో, అదే బకాయిల మధ్య మరోలా నడుచుకోవడానికి వీలుండేదని ఈ గోడల ముందు స్పష్టంగా అర్థమైంది.

అయినా 1923 ఫిబ్రవరి 1న, ఐర్లండు అంతర్యుద్ధంలో, బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని వ్యతిరేకించిన ఐ.ఆర్.ఏ. (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ) దళం దీన్ని తగలబెట్టింది. ఈ ఇంటి కొడుకు మారిస్ మూర్ కొత్త ప్రభుత్వంలో సెనేటరు కావడమే కారణం. 1922, 1923లలో దేశమంతటా 200 దాకా పెద్ద ఇళ్లు ఇలాగే కాలిపోయాయి. ఈ ఇంట్లో మంచి గ్రంథాలయం ఉండేది, అదీ పోయింది.

కిటికీ గూళ్లలో చెట్లు మొలిచాయి. నేలమాళిగల్లో అరుదైన గబ్బిలాలు ఉంటున్నాయి. గోడకు ఒక రాతి ఫలకం తాపడం చేసి ఉంది. ఈ దేశభక్త క్యాథలిక్ కుటుంబం కరువులో చేసిన సాయానికీ, ఇంగ్లీషు బంగారానికి తమ సిద్ధాంతాలను అమ్ముకోనందుకూ గౌరవంగా పెట్టామని దాని భావం. పెట్టినవారు పక్క ఊరి పాత ఐ.ఆర్.ఏ. దళం.

నేను చదివి తెలుగులో చెబితే, నాన్నగారు నమ్మలేక దగ్గరికి వెళ్లి, ఒక్కో అక్షరం తానే కూడబలుక్కుని చదివారు. "తగలబెట్టినవాళ్లదీ ఇదే పేరు కదమ్మా?" అన్నారు. అవునన్నాను. ఆయన ఫలకం మీద పాకిన తీగను జాగ్రత్తగా పక్కకు తప్పించి, చివరి వరుస కూడా కనపడేలా చేశారు. అప్పటికే చెట్ల కింద చీకటి పడుతోంది. చేయి పట్టుకుని, రాళ్లు చూసుకుంటూ, సరస్సు వైపు దిగి వచ్చాం.